ఆరోగ్యం: నిర్వచనాలు, కొలతలు

ఒళ్లూ మనసూ తమ పని తాము సజావుగా చేసుకుపోతూ, మనిషి తన జీవితాన్ని తాను గడుపుకోగలిగే స్థితి ఆరోగ్యం. ఈ మాత్రం మాటకు ఎవరూ అడ్డు చెప్పరు. చిక్కల్లా 'సజావుగా' అంటే ఎంతవరకు, దాన్ని తేల్చేది ఎవరు అన్నచోట వస్తుంది. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు రోగి అన్న మనిషి, తాను నిక్షేపంగా ఉన్నానని అనుకోవచ్చు. నడుము నొప్పితో వంగలేకపోతున్న మనిషికి రిపోర్టులన్నీ నార్మల్ అని రావచ్చు, ఆఫీసు సెలవు ఇవ్వకపోవచ్చు. శరీరం చూపే కొలత, మనిషికి తెలిసే బాధ, లోకం ఇచ్చే గుర్తింపు చాలాసార్లు ఒకచోట కలవవు. ఆరోగ్యానికి ఇప్పటిదాకా వచ్చిన నిర్వచనాల్లో చాలావరకు వీటిలో ఒకదాన్ని పట్టుకుని మిగతావాటిని దాని కిందికి తేవాలని చూసినవే.

సమతూకం

ప్రాచీన వైద్యాలు ఆరోగ్యాన్ని సమతూకంగా చూశాయి. సుశ్రుత సంహిత సూత్రస్థానం పదిహేనో అధ్యాయంలో ఆరోగ్యవంతుడి లక్షణాలు ఉన్నాయి. వాతపిత్తకఫాలు, జఠరాగ్ని సమంగా ఉండాలి. ధాతువుల పని, మలవిసర్జన సక్రమంగా సాగాలి. వాటితోపాటు ఆత్మ, ఇంద్రియాలు, మనసు ప్రసన్నంగా ఉండాలి. ఈ జాబితాలో రోగం లేకపోవడం అనే షరతు విడిగా కనిపించదు. ఉండవలసినవి ఉంటే రోగానికి చోటు లేదని దాని ఉద్దేశం. చరక సంహిత మరో కోణం చూపింది. ధర్మార్థకామమోక్షాలకు ఆరోగ్యం మూలమంది, అంటే ఆరోగ్యాన్ని జీవితానికి గమ్యంగా కాక సాధనంగా చూసింది. ఇరవయ్యో శతాబ్దం చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇంచుమించు ఇక్కడికే వచ్చింది.

గ్రీకుల ఆలోచన కూడా దీనికి దగ్గరలోనే నడిచింది. క్రీ.పూ. 5వ శతాబ్దానికి చెందిన అల్క్మయాన్ తడి పొడి, వేడి చలువ వంటి శక్తులు సమాన హోదాలో ఉంటే ఆరోగ్యమని, వాటిలో ఒకటి మిగతావాటిపై పెత్తనం చేస్తే రోగమని చెప్పాడు. హిప్పోక్రటీస్ పేరుతో ఉన్న గ్రంథాలు, తరవాత గేలన్ ఈ ఆలోచనను నాలుగు రసాల సిద్ధాంతంగా పెంచారు. అది అరబ్బుల చేతుల మీదుగా యునానీ వైద్యమై భారతదేశం చేరింది. హైదరాబాద్‌లో నిజాములు దాన్ని ఆదరించారు. చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కళాశాల, దాని ఆసుపత్రి ఇప్పటికీ ఆ వైద్యాన్ని నేర్పుతూ, చేస్తూ ఉన్నాయి. అక్కడి హకీములు చెప్పే దమ్, బల్గమ్, సఫ్రా, సౌదా అనేవి గేలన్ చెప్పిన రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తమే.

తెలుగు ఇళ్లలో ఈ భావన శాస్త్రంగా కాక వాడుకగా బతికి ఉంది. మామిడిపళ్లు ఎక్కువ తింటే వేడి చేసిందంటారు, మజ్జిగ తాగితే చలవ అంటారు. వంకాయ వాతమంటారు. బాలింత పథ్యమంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. ఆధునిక వైద్యం వీటిని చాలావరకు ఒప్పుకోదు. అయితే సమతూకం భావనలో ఒక మెచ్చదగ్గ గుణం ఉంది. ఎవరి ప్రకృతి వారిదే కాబట్టి అందరికీ ఒకే కొలత పెట్టదు. దాని లోపమూ అక్కడే ఉంది. కొలత లేనిచోట వైద్యుడి మాటను సరిచూసుకునే దారి ఉండదు.

రోగం లేకపోవడం

1761లో ఇటలీ వైద్యుడు మోర్గాన్యి శవపరీక్షల ఆధారంగా రోగాలకు శరీరంలో చోటు చూపించాడు. 1858లో జర్మన్ వైద్యుడు విర్కో ఆ చోటును కణం దాకా తీసుకెళ్లాడు. 1882లో రాబర్ట్ కోహ్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని చూపించాడు. ఈ నూట ఇరవై ఏళ్లలో రోగమంటే వేలుపెట్టి చూపించగలిగే చెడుగా మారింది. అలాంటిది ఏమీ కనబడకపోతే ఆరోగ్యం ఉన్నట్టే. ఆసుపత్రులు నేటికీ ఆచరణలో వాడేది ఈ నిర్వచనమే, గోడల మీద ఏ నినాదం రాసుకున్నా.

ఇదే కాలంలో శరీరశాస్త్రం పాత సమతూకానికి కొత్త రూపం ఇచ్చింది. బయట ఎండ మండినా చలి కొట్టినా ఒంటి లోపలి వాతావరణం నిలకడగా ఉండటమే స్వేచ్ఛగా బతకడానికి ఆధారమని ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ అన్నాడు. అమెరికన్ శరీరశాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1920లలో దానికి హోమియోస్టాసిస్ అని పేరు పెట్టాడు. రక్తంలో చక్కెర, ఒంటి వేడి, లవణాలు ఒక హద్దులో తిరుగుతుంటాయి. హద్దు దాటితే శరీరమే వెనక్కి లాగుతుంది. లాగలేకపోతే అది జబ్బు.

ఈ వైపునుంచి బిగువైన తాత్విక నిర్వచనం ఇచ్చినవాడు అమెరికన్ తత్వవేత్త క్రిస్టఫర్ బూర్స్. 1970లలో ఆయన చేసిన వాదన ఇది. ప్రతి జాతికీ ప్రాణం నిలుపుకోవడం, సంతానం కనడం అనే పనులకు తోడ్పడేలా అవయవాలు పనిచేస్తాయి. అదే వయసు, అదే లింగం ఉన్నవారిలో సాధారణంగా కనిపించే స్థాయిలో ఆ పని జరుగుతుంటే ఆరోగ్యం, తగ్గితే వ్యాధి. మంచి చెడ్డల ప్రసక్తి లేకుండా, ఎవరి ఇష్టాయిష్టాలతో పని లేకుండా గణాంకాలతోనే ఆరోగ్యాన్ని తేల్చవచ్చని ఆయన ఉద్దేశం.

ఈ వాదం ఎక్కడ తడబడుతుందో నల్లగొండ చూపిస్తుంది. ఆ జిల్లా గ్రానైట్ రాళ్ల పొరల్లోంచి వచ్చే బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. చాలా ఊళ్లలో అది ఎన్నో రెట్లు మించిపోయింది. పళ్లు ఏర్పడే వయసులో ఆ నీళ్లు తాగిన పిల్లలకు పళ్ల మీద గోధుమరంగు చారలు వచ్చాయి. పెద్దయ్యాక వెన్ను బిగుసుకుపోయింది, కాళ్లు వంకరపోయాయి. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా కాళ్లు వంగిపోవడం గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లోనే లాన్సెట్ పత్రికలో రాశారు. అలాంటి ఊళ్లో బడిపిల్లలందరి పళ్లూ గారపట్టి ఉంటే, ఆ ఊరి లెక్కలో గారపళ్లే మామూలు. తెల్లటి పళ్లతో పక్క ఊరి పిల్లవాడు వస్తే వాడే వింత. ఎవరితో పోల్చి ఆరోగ్యం తేల్చాలన్నది గణాంకాలు వాటంతట అవి చెప్పలేవు, పోల్చేవాడే ఎంచుకోవాలి. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి నల్లగొండ పేరే పడింది, తరవాత మిషన్ భగీరథ తాగునీటి పథకం కింద ఆ ఊళ్లకు నది నీళ్లు వచ్చాయి. నీళ్లు మారాయి గానీ ఒకసారి వంగిన ఎముక తిరిగి నిలబడదు.

1946 నాటి వాక్యం

ప్రపంచంలో అన్నింటికన్నా ఎక్కువమంది ఉటంకించే నిర్వచనం ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగ పీఠికలో ఉంది. న్యూయార్క్‌లో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య మహాసభలో 61 దేశాల ప్రతినిధులు 1946 జులై 22న దానిపై సంతకాలు చేశారు. 1948 ఏప్రిల్ 7న అది అమల్లోకి వచ్చింది. ఏటా ఆ రోజున ప్రపంచ ఆరోగ్య దినం జరపడం అందుకే. శారీరకంగా, మానసికంగా, సామాజికంగా సంపూర్ణమైన క్షేమస్థితి ఆరోగ్యమని, రోగమో వైకల్యమో లేకపోవడంతోనే అది సరిపోదని ఆ పీఠిక సారాంశం. అందుకోదగినంత ఉన్నత స్థాయి ఆరోగ్యం ప్రతి మనిషికీ ప్రాథమిక హక్కు అని కూడా అక్కడే ఉంది.

అది రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఏడాది తిరగని కాలం. ఆ రచనలో పాలుపంచుకున్న క్రొయేషియా వైద్యుడు ఆంద్రియా స్టాంపర్ యుద్ధానికి ముందు యుగోస్లావియా పల్లెల్లో మంచినీళ్లు, మరుగుదొడ్లు, వైద్యశాలల కోసం పనిచేసినవాడు. పేదరికాన్ని వదిలేసి రోగానికి మాత్రమే మందు వేయడం ఆయనకు అర్థం లేని పని. 'సామాజికంగా' అన్న మాట వెనుక ఆ అనుభవం ఉంది. భారతదేశంలో జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడ్డ సంఘం కూడా అదే 1946లో నివేదిక ఇచ్చింది. డబ్బు కట్టలేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోరాదని, తిండి, నీరు, ఇల్లు ఆరోగ్యంలో భాగమని అది చెప్పింది. దాని సిఫారసుల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు నిలబడ్డాయి. మిగతావి చాలావరకు కాగితం మీదే ఉండిపోయాయి.

విమర్శలు 'సంపూర్ణ' అన్న మాట చుట్టూ తిరిగాయి. సంపూర్ణ క్షేమం ఏ మనిషికైనా ఏడాదికి ఎన్ని గంటలు ఉంటుంది? ఆ లెక్కన దాదాపు అందరూ దాదాపు అన్నివేళలా అనారోగ్యవంతులే. 1973లో అమెరికన్ నీతిశాస్త్రవేత్త డేనియల్ కాలహాన్ ఇంకో ప్రమాదం ఎత్తిచూపాడు. సంతోషమంతా ఆరోగ్యమే అయితే దుఃఖమంతా వైద్యుల పరిధిలోకి వస్తుంది, రాజకీయంగా పరిష్కరించవలసిన సమస్యలు మందులచీటీ మీదికి ఎక్కుతాయి. దీర్ఘకాలిక జబ్బులు పెరిగాక ఈ విమర్శకు బలం వచ్చింది. ఇరవై ఏళ్లుగా షుగర్ మాత్రలు వేసుకుంటూ, పొలం పనో ఉద్యోగమో చేసుకుంటూ, మనవల పెళ్లిళ్లు చేస్తున్న మనిషిని ఎప్పటికీ అనారోగ్యవంతుల ఖాతాలో రాయడం అసంబద్ధమే.

అయినా ఆ వాక్యం ఇప్పటికీ మారలేదు. ఆధ్యాత్మిక క్షేమాన్ని కూడా చేర్చాలని, స్థిరమైన స్థితిగా కాక మారుతుండే స్థితిగా చెప్పాలని 1998లో సంస్థ కార్యనిర్వాహక మండలి ప్రతిపాదించింది. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించకుండా పక్కన పెట్టింది. కొలతకు పనికిరాకపోయినా హక్కుగా అడగడానికి ఆ వాక్యం పనికొస్తుంది. దాన్ని రాసినవారి ఉద్దేశమూ బహుశా అదే.

తట్టుకునే శక్తి

సంపూర్ణత్వాన్ని వదిలి సామర్థ్యం వైపు జరిగిన నిర్వచనాలు చాలా ఉన్నాయి. వీటికి మూలపురుషుడనదగినవాడు ఫ్రెంచి వైద్యుడు, తత్వవేత్త జార్జ్ కాంగిలెమ్. 1943లో ప్రచురించిన పరిశోధనలో ఆయన మామూలుగా ఉండటానికీ ఆరోగ్యంగా ఉండటానికీ తేడా చూపాడు. ఒకే రకం పరిస్థితిలో మాత్రమే నెగ్గుకురాగలిగినవాడు ఆరోగ్యవంతుడు కాడు. పరిస్థితి మారినప్పుడు తనకు తాను కొత్త పద్ధతి ఏర్పరచుకోగలిగినవాడే ఆరోగ్యవంతుడు. జబ్బుపడి లేవగలగడం కూడా ఆయన దృష్టిలో ఆరోగ్యంలో భాగం. స్వీడన్ తత్వవేత్త లెనార్ట్ నార్డెన్‌ఫెల్ట్, మనిషి తన ముఖ్యమైన జీవిత లక్ష్యాలను సాధించుకోగలిగే సామర్థ్యమే ఆరోగ్యమన్నాడు. ఇందులో లక్ష్యాలు తక్కువగా పెట్టుకున్నవాడు సులభంగా ఆరోగ్యవంతుడైపోయే చిక్కు ఉంది.

ఇజ్రాయెల్ సామాజిక శాస్త్రవేత్త ఆరన్ ఆంటనోవ్‌స్కీ ప్రశ్ననే తిరగేశాడు. మధ్యవయసు స్త్రీలపై చేసిన అధ్యయనంలో నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బయటపడినవారిలో మూడింట ఒక వంతుకు కాస్త తక్కువమంది మంచి మానసిక ఆరోగ్యంతో ఉన్నట్టు తేలింది. మిగతా స్త్రీలలో ఈ పాళ్లు సగం దాకా ఉన్నాయి. అందరూ ఆ తేడాను చూస్తుంటే, ఆయన ఆ మూడో వంతు ఎలా నిలదొక్కుకున్నారని అడిగాడు. రోగం ఎందుకు వస్తుందన్నది పక్కనపెట్టి ఆరోగ్యం ఎక్కడినుంచి వస్తుందని వెతికే ఆ దృక్పథాన్ని 1979లో పుస్తకంగా తెచ్చాడు.

సంస్థల స్థాయిలో 1978 నాటి ఆల్మా అటా ప్రకటన 2000 సంవత్సరానికి అందరికీ ఆరోగ్యమని లక్ష్యం పెట్టింది, ఆ లక్ష్యం నెరవేరలేదు. 1986 నాటి ఒట్టావా ప్రకటన ఆరోగ్యాన్ని దైనందిన జీవితానికి ఒక వనరుగా చూడాలంది. 2011లో నెదర్లాండ్స్ వైద్యురాలు మాఖ్‌టెల్డ్ హ్యూబర్, ఆమె సహచరులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొత్త ప్రతిపాదన చేశారు. సామాజిక, శారీరక, మానసిక సవాళ్లు ఎదురైనప్పుడు సర్దుకోగలగడం, తనను తాను నడుపుకోగలగడం ఆరోగ్యమన్నారు. మాత్రలు వేసుకుంటూ మనవల పెళ్లిళ్లు చేసే మనిషి ఈ నిర్వచనంలో హాయిగా ఇముడుతాడు. కానీ సర్దుకోవలసిన భారం వ్యక్తి మీదే పడటం దీని లోటు. విషపు నీళ్లకు సర్దుకున్న నల్లగొండ మనిషిని ఆరోగ్యవంతుడనడం ఎవరికీ ఇష్టం ఉండదు.

వ్యాధి, బాధ, రోగి హోదా

వైద్య సామాజిక శాస్త్రం మూడింటిని విడదీస్తుంది. డాక్టరు కనిపెట్టేది వ్యాధి, మనిషికి అనుభవంలోకి వచ్చేది బాధ, సమాజం ఒప్పుకునేది రోగి హోదా.

వ్యాధి ఉండి బాధ లేకపోవడానికి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఉదాహరణ. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి తోటల నడుమ కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా పాతుకుపోయింది. షుగర్, బీపీ లేనివారికీ వస్తోంది. కారణం ఇంకా తేలలేదు. నీళ్లు, ఎండలో పని, పురుగుమందులు, జన్యువులు అంటూ అనుమానాలు ఉన్నాయి. మూత్రపిండాల పనితనం సగం దాకా పోయేవరకు రక్తంలో క్రియాటినిన్ పెద్దగా పెరగకపోవచ్చు, ఒంటికి ఏమీ తెలియకపోవచ్చు. తోటలో గెలలు దింపుతున్న మనిషి తాను దుక్కలా ఉన్నాననే అనుకుంటాడు. కాళ్లు వాచి, అన్నం సయించక, ఆయాసంతో ఆసుపత్రికి వచ్చేసరికి డయాలసిస్ మాట వస్తుంది. ఇలాంటిచోట స్వానుభవాన్ని నమ్ముకున్న నిర్వచనం ప్రాణం తీస్తుంది.

బాధ ఉండి వ్యాధి దొరకకపోవడం దీనికి రెండో వైపు. స్కానింగులో ఏమీ కనబడని నొప్పి, ఏళ్ల తరబడి వదలని నీరసం, పరీక్షలకు అందని కడుపునొప్పి ఇందులోకి వస్తాయి. అన్నీ నార్మల్ అన్నమాట విని ఊరటపడేవారు కొందరైతే, తమ బాధను ఎవరూ నమ్మడం లేదని కుంగిపోయేవారు ఇంకొందరు. స్త్రీల నెలసరి నొప్పిని చాలాకాలం ఇలాగే కొట్టిపారేశారు.

రోగి హోదా సంగతిని 1951లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త టాల్కట్ పార్సన్స్ విశ్లేషించాడు. రోగిగా గుర్తింపు పొందినవాడికి పనినుంచి మినహాయింపు దొరుకుతుంది, జబ్బు అతని తప్పుగా ఎంచరు. బదులుగా అతను కోలుకోవాలని కోరుకోవాలి, వైద్యుడి మాట వినాలి. ఈ హోదా కాగితం రూపంలో వస్తుంది. సెలవు పెట్టడానికి మెడికల్ సర్టిఫికెట్, తిరిగి చేరడానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్, పింఛనుకు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించే వైకల్యాలు 21. చాలా ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. 39 అని రాసినా 40 అని రాసినా మనిషి నడకలో తేడా ఉండదు, ఇంటి బడ్జెట్‌లో ఉంటుంది. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా ఇలాంటి జాబితాతోనే నడుస్తుంది. జాబితాలో ఉన్న చికిత్సకు ప్రభుత్వం డబ్బు కడుతుంది, లేనిదానికి కట్టదు.

గీత ఎక్కడ గీయాలి

చాలా దీర్ఘకాలిక జబ్బులకు ప్రకృతి హద్దు గీయలేదు. రక్తపోటు తక్కువనుంచి ఎక్కువకు మెట్లు లేకుండా పెరుగుతుంది, దానితోపాటే ముప్పూ పెరుగుతుంది. 140/90 దగ్గర గీత గీయడం వైద్య సంఘాల నిర్ణయం. 2017 నవంబరులో అమెరికా గుండె వైద్య సంఘాలు దాన్ని 130/80కి దించాయి. అమెరికా పెద్దవాళ్లలో బీపీ ఉన్నవారి పాళ్లు ఒక్కసారిగా సుమారు 32 శాతం నుంచి 46 శాతానికి చేరాయి. వారిలో ఎవరి రక్తనాళాల్లోనూ ఆ రాత్రి ఏ మార్పూ రాలేదు. ఐరోపా మార్గదర్శకాలు మాత్రం జబ్బు అనడానికి 140/90 దగ్గరే ఉండిపోయాయి. షుగర్ విషయంలోనూ 1997లో పరగడుపు గీత 140 నుంచి 126కు దిగింది. మధుమేహానికి ముందు దశ అమెరికా సంఘం లెక్కలో 100 దగ్గర, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 110 దగ్గర మొదలవుతుంది. అంటే పరగడుపున 105 వచ్చిన మనిషి ఏ పుస్తకం తెరిస్తే ఆ ఫలితం.

ఇలాంటి గీతలు ఇష్టానుసారం గీసినవని కొట్టిపారేయడం తేలిక. కానీ గీత దాటినవారికి మందు వల్ల కలిగే మేలు, దుష్ఫలితాలు, ఖర్చు బేరీజు వేసి గీసినవే చాలావరకు. కాకపోతే ఒక జనాభాలో గీసిన గీత ఇంకో జనాభాకు సరిపోకపోవచ్చు. బరువును ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బీఎంఐకి మూలం 1832లో బెల్జియం గణాంకవేత్త కెట్లే వేసిన లెక్క. ఆయన వెతికింది సగటు మనిషిని, ఊబకాయాన్ని కాదు. 2004లో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్‌కిన్ లాన్సెట్‌లో తమ ఫొటో వేయించుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనబడుతూ పొట్టలో కొవ్వు పేరుకుపోయే భారతీయుల తీరును ఒక్క బొమ్మలో చూపారు. 25 దగ్గర మొదలయ్యే అధిక బరువును భారతీయులకు 23 దగ్గరే మొదలుపెట్టాలని 2009లో ఇక్కడి నిపుణులు తీర్మానించారు.

లేబొరేటరీ కాగితం మీద ప్రతి పరీక్ష పక్కన ఒక మామూలు శ్రేణి అచ్చువేసి ఉంటుంది. దాటితే అంకె నల్లగా, లావుగా వస్తుంది, పక్కన పైకో కిందికో బాణం గుర్తు. చాలా పరీక్షలకు ఈ శ్రేణి ఆరోగ్యవంతులైన మనుషుల్లో నడిమి 95 శాతంమంది విలువల నుంచి వచ్చింది. అంటే నికార్సైన ఆరోగ్యవంతుల్లోనే ప్రతి ఇరవైమందిలో ఒకరు ఆ పరీక్షలో గీత దాటుతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు ఒకేసారి చేయిస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కనీసం ఒక్క బాణమైనా రావడానికి అవకాశం సుమారు 64 శాతం. పండగ తగ్గింపుతో అరవై డెబ్బై పరీక్షల ప్యాకేజీ చేయించుకున్నవారికి బాణం లేని రిపోర్టు రావడమే అరుదు. తరవాత ఆ బాణం వెంట మరో పరీక్ష, స్కానింగు, పెద్ద డాక్టరు.

దక్షిణ కొరియాలో ఇది దేశమంతటా జరిగింది. ఆరోగ్య పరీక్షల్లో థైరాయిడ్ స్కానింగు తేలిగ్గా దొరకడంతో 1993 నుంచి 2011 మధ్య థైరాయిడ్ క్యాన్సర్ గుర్తింపు 15 రెట్లు పెరిగింది. ఆ క్యాన్సర్‌తో చనిపోయేవారి సంఖ్య మాత్రం కదల్లేదు. కనిపెట్టిన గడ్డల్లో చాలావరకు ఆ మనుషులకు జీవితాంతం హాని చేయనివే. గ్రంథి తీయించుకున్నవారు మాత్రం రోజూ మాత్ర వేసుకోవాలి.

గీత పైకి జరిగినా కిందికి జరిగినా దేశం పటమే మారిపోయే చోటు రక్తహీనత. గర్భిణులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో అది దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. వేలి కొసనుంచి తీసిన చుక్క రక్తంతో చేసిన ఈ కొలత కచ్చితం కాదని, 12 అనే గీత భారతీయులకు ఎక్కువని కొందరు నిపుణులు వాదిస్తున్నారు. గీత దించితే రక్తహీనులు తగ్గుతారు, వారి కంచంలో ఆకుకూర, మాంసం పెరగవు.

మనసు

ఎవరు రోగి అన్నది అధికారంతో ముడిపడిన ప్రశ్న అని మానసిక వైద్య చరిత్ర చెప్పినంతగా మరేదీ చెప్పదు. 1851లో అమెరికా వైద్యుడు సామ్యూల్ కార్ట్‌రైట్, పారిపోయే నల్లజాతి బానిసలకు ఒక మానసిక రోగం ఉందని దానికి గ్రీకు పేరు పెట్టాడు. స్వలింగ ప్రేమను అమెరికా మానసిక వైద్య సంఘం 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో రోగాల జాబితానుంచి తీసేశాయి. భారతదేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇలాంటివాటిని మనసులో పెట్టుకునే రాసినట్టుంది. సామాజిక, రాజకీయ హోదా, మత వర్గం, సమాజపు నైతిక కట్టుబాట్లను పాటించకపోవడం ఆధారంగా ఎవరినీ మానసిక రోగి అనకూడదని అది స్పష్టంగా చెబుతుంది. శరీర రోగాలతో సమానంగా మానసిక రోగాలకూ బీమా ఇవ్వాలని ఆదేశిస్తుంది. చట్టం ఒక దారిన ఉంటే వాడుక ఇంకో దారిన ఉంది. మానసిక వైద్యశాలలున్న హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ, విశాఖలోని చినవాల్తేరు ఇప్పటికీ ఎవరినైనా ఎగతాళి చేయడానికి వాడే పేర్లే.

తన శక్తులు తెలుసుకుని, మామూలు ఒత్తిళ్లను తట్టుకుని, ఫలవంతంగా పనిచేస్తూ సమాజానికి తోడ్పడగలగడం మానసిక ఆరోగ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలం చెబుతూ వచ్చింది. పని దొరకనివాడు, పనిచేయలేని వయసువాడు ఇందులో ఎక్కడ ఇముడుతారన్నది దీనిపై వచ్చిన ఆక్షేపణ. ఆత్మీయులు పోయినప్పుడు కుంగిపోవడం కూడా ఆరోగ్యవంతమైన మనసు లక్షణమే.

జనం ఆరోగ్యాన్ని కొలవడం

దేశాల ఆరోగ్యాన్ని చాలాకాలం చావులతో కొలిచారు. ఆయుఃప్రమాణం, శిశు మరణాల రేటు ఇప్పటికీ నమ్మకమైన కొలతలే, ఎందుకంటే చావు విషయంలో అభిప్రాయ భేదం ఉండదు. చంపకుండా ఏళ్ల తరబడి వేధించే జబ్బులు ఆ లెక్కలోకి రావు. అందుకే 1990లలో అకాల మరణంతో పోయిన ఏళ్లనూ, వైకల్యంతో గడిచిన ఏళ్లనూ కలిపే కొలత తయారైంది. ఏ జబ్బుతో గడిచిన ఏడాది ఎంత నష్టమో ఎవరో ఒకరు తూకం వేయాలి. ఓ మోస్తరు నుంచి తీవ్రం దాకా వైకల్యం ఉన్నవారిలో సగానికి పైగా తమ జీవితం బాగుందనే చెప్పినట్టు 1999లో ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. బయటివారు వేసే తూకం వారి మాటతో కలవదు.

అలాగని మనుషుల మాటనే కొలతగా తీసుకోవడమూ కుదరదు. 2002లో అమర్త్య సేన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీన్ని ఎత్తిచూపాడు. ఆయన చూసిన లెక్కల్లో, దేశంలో అందరికన్నా ఎక్కువ కాలం బతికే కేరళవారు సర్వేల్లో తమకు జబ్బులున్నాయని అందరికన్నా ఎక్కువ చెబుతారు. ఆయుష్షు తక్కువున్న బిహార్‌లో అలా చెప్పేవారు తక్కువ. అమెరికావారు కేరళవారిని కూడా మించిపోతారు. చదువు, ఆసుపత్రి అందుబాటులో ఉన్నచోట మనిషి తన జబ్బును జబ్బుగా గుర్తిస్తాడు. లేనిచోట నీరసం, దగ్గు, కాళ్లవాపు బతుకులో భాగమైపోతాయి. చిత్రమేమిటంటే ఒకే సమాజం లోపల పోల్చినప్పుడు, మీ ఆరోగ్యం ఎలా ఉందన్న ఒక్క ప్రశ్నకు మనుషులిచ్చే జవాబు వారు ఇంకెంతకాలం బతుకుతారన్నదాన్ని వైద్య పరీక్షలకు మించి కూడా కొంత సూచిస్తుందని చాలా దేశాల అధ్యయనాల్లో తేలింది.

ఆరోగ్యం ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబు ఆసుపత్రి బయటే ఎక్కువ దొరుకుతుంది. 1848లో ఎగువ సిలీసియాలో టైఫస్ చెలరేగినప్పుడు విచారణకు వెళ్లిన విర్కో అక్కడి జనానికి చదువు, స్వేచ్ఛ, పాలనలో చోటు కావాలని నివేదిక ఇచ్చాడు. 1974లో కెనడా ఆరోగ్య మంత్రి లాలోండ్ నివేదిక ఆరోగ్యానికి నాలుగు మూలాలు చెప్పింది. అవి శరీర ధర్మం, పరిసరాలు, జీవనశైలి, వైద్య వ్యవస్థ. 1967లో లండన్ ప్రభుత్వోద్యోగుల మీద మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో అట్టడుగు హోదా ఉద్యోగులు పైస్థాయి అధికారులకన్నా మూడు రెట్లకు పైగా గుండెజబ్బుతో చనిపోతున్నట్టు తేలింది. వారిలో ఎవరూ ఆకలితో మాడేవారు కారు, వైద్యం అందరికీ ఉచితమే. పొగతాగడం, కొలెస్టరాల్ తీసేసి చూసినా ఆ తేడాలో ఎక్కువ భాగం మిగిలింది. హోదా మెట్టుమెట్టుకూ ఆయుష్షు మారడం ఆ తరవాత ఎన్నో దేశాల్లో కనబడింది.

ముసలితనం ఈ నిర్వచనాలన్నింటికీ చివరి పరీక్ష పెడుతుంది. బూర్స్ లెక్కలో ఎనభై ఏళ్ల మనిషిని ఎనభై ఏళ్లవారితోనే పోల్చాలి, కాబట్టి ఆ వయసులో అందరికీ ఉండే మోకాళ్ల అరుగుదల వ్యాధి కాకుండా పోతుంది. సంపూర్ణ క్షేమం లెక్కలో ఆ వయసువారంతా అనారోగ్యవంతులే. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వృద్ధాప్యం మీద ఇచ్చిన నివేదికలో వేరే దారి పట్టింది. మనిషి ఒంట్లో, మనసులో మిగిలి ఉన్న శక్తికి అతని పరిసరాలు ఇచ్చే ఆసరా కలిపితే, తనకు విలువైనవి అతను ఎంతవరకు చేయగలడో అదే వృద్ధుల ఆరోగ్యమంది. మెట్లకు పట్టుకునే కమ్మీ, ఎత్తు తక్కువ బస్సు, కళ్లద్దాలు ఈ లెక్కలో ఆరోగ్యంలోకి వస్తాయి. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో మొదట 'వృద్ధాప్యం' అన్న మాట ఒక శీర్షికగా ఉండేది. వయసే రోగమని ముద్ర వేసినట్టవుతుందని, వృద్ధుల చావులకు అసలు కారణం వెతకడం మానేస్తారని అభ్యంతరాలు వచ్చాయి. అమలుకు ముందే ఆ మాట తీసేసి, వయసుతో వచ్చే సహజ సామర్థ్యపు తగ్గుదల అని మార్చారు.